మోకాలి కింద దిండు

మోకాలి ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని తేల్చుకోలేనివాళ్లు ఈ మధ్య నా దగ్గరికి వస్తున్నారు. చిక్కడపల్లిలో మా సందులో నేను వాకర్ పట్టుకుని తిరిగినప్పుడు చూశారు, తర్వాత కర్రతో చూశారు, ఇప్పుడు ఉత్త చేతులతో గ్రంథాలయానికి పోతుంటే చూస్తున్నారు. కాబట్టి నాకు అన్నీ తెలుసుననుకుంటారు. కూర్చోగానే అందరూ అడిగేది ఒకటే, నొప్పి ఎంత ఉంటుందని. ఉంటుంది. దానికి ఆసుపత్రివాళ్లు మాత్రలిస్తారు. నేను చెప్పేది వేరే. మీ ఇంట్లో మిమ్మల్ని అందరికన్నా ఎక్కువ ప్రేమించే మనిషెవరో ముందే చూసుకోండి, ఆపరేషన్‌కు ముందే ఆ మనిషిని కూర్చోబెట్టి మాట్లాడండి అంటాను. ముసలాడికి మతి చలించిందన్నట్టు చూస్తారు. ప్రతి ఒక్కరికీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక రాసి పెడుతున్నాను.

ముందుగా ఒక తప్పు దిద్దాలి. గోడల మీది ప్రకటనల్లోనూ, పేపర్లలోనూ దీన్ని "మోకాలి చిప్ప మార్పిడి" అని రాస్తారు. చిప్పను మార్చి ఇంకో చిప్ప పెట్టే పని కాదది. అరిగిన కీలుని పైనా కిందా చెక్కి, లోహపు తొడుగులు తొడిగి, నడుమ ఒక ప్లాస్టిక్ బిళ్ల వేస్తారు. నాలుగో తరగతితో బడి మానేసిన నేను గ్రంథాలయంలో కూర్చుని ఈ సంగతి తెలుసుకోగలిగినప్పుడు, అచ్చు వేసేవాళ్లకు తెలుసుకోవడానికేం రోగం?

నారాయణగూడలో నాకు సైకిల్ షాపు ఉండేది. కిరాయికి సైకిళ్లు ఇచ్చేవాణ్ని, రిపేర్లు చేసేవాణ్ని. సైకిల్ పని కుర్చీలో కూర్చుని చేసేది కాదు. గొంతుక్కూర్చుని చేసేది. పొద్దున షట్టర్ ఎత్తి కూర్చుంటే మళ్లీ దించేదాకా మోకాళ్లు మడిచే ఉండేవి. కాలేజీ పిల్లలు, గుమాస్తాలు, పాలవాళ్లు అందరూ నా దగ్గరే గాలి కొట్టించుకునేవారు. వాళ్లలో పెద్ద ఉద్యోగాల్లోకి పోయినవాళ్లున్నారు. ఎవరు పంక్చర్ వేయించుకుని రేపిస్తానని పోయారో కూడా నాకు గుర్తుంది. అది ఇప్పుడు వద్దు.

2010 వానాకాలంలో కుడి మోకాలు మొండికేసింది. మా ఇంటి నుంచి గ్రంథాలయం పెద్ద దూరం కాదు. షాపు మూసేశాక నా దినచర్య అదే. పొద్దున్నే పోయి, పేపర్లు పరిచే బల్లల దగ్గర కూర్చుని అన్నీ చదివి, మధ్యాహ్నం భోజనానికి రావడం. నాకొచ్చిన చదువంతా అక్కడ వచ్చిందే. ఆ వానాకాలం మధ్యదారిలో ఎవరి అరుగు మీదో కూర్చోవాల్సి వచ్చింది. తర్వాత ఆటో ఎక్కేవాణ్ని. ఆటోవాడు "గింత దగ్గరికి ఎవడొస్తడు తాతా" అనేవాడు. దసరా నాటికి పోవడమే మానేశాను. పేపరు ఇంటికి తెప్పించుకోవచ్చు కదా అంటుంది మా ఆవిడ సత్తెమ్మ. ఒక్క పేపరు చదివితే వాడు చెప్పిందే నమ్మాలి. నాలుగు చదివితేనే ఎవడు ఎక్కడ దాచాడో తెలుస్తుంది. ఈ మాట ఆమెకు పెళ్లయినప్పటి నుంచీ చెబుతున్నాను.

నూనెలు రాశాను. పసరు కట్లు కట్టించుకున్నాను. సుల్తాన్ బజార్ పోయి మోకాలి పట్టీలు కొనుక్కున్నాను. అవి ఉతికి ఆరేసిన రెండో వారానికే సాగి పిక్కల మీదికి జారిపోయేవి. ఇంట్లో నేలమీది దొడ్డిలో కూర్చుని లేవడానికి తలుపు గొళ్లెం పట్టుకుని వేలాడేవాణ్ని. ఒకరోజు గొళ్లెం ఊడి చేతికొచ్చింది. ఆ రోజు మా అమ్మాయి సునీత "ఇగ చాలు, నడువు దవాఖానకు" అంది. సునీత అశోక్ నగర్‌లో కోచింగ్ పిల్లలకు మెస్ నడుపుతుంది. వందమంది పిల్లల ఆకలిని అదుపులో పెట్టే మనిషి. ఆమె మాటకు ఇంట్లో ఎదురు లేదు.

ఆసుపత్రి పేరు రాయను. వేచి ఉండే గదులన్నీ ఒకటే. గోడకు టీవీ, దాని చప్పుడు ఎవరికీ వినపడదు, ఎవరూ ఆపరు. డాక్టర్ తొమ్మిదింటికి వస్తారంటారు, పన్నెండింటికి కూడా వస్తూనే ఉంటారు. మోకాళ్లు పోయినవాళ్లను కూర్చోబెట్టడానికి అంత లోతుగా దిగబడే సోఫాలు ఎందుకు వేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పేరు పిలిస్తే లేవలేక, పక్కవాళ్లు చంకల్లో చేతులేసి లేపాలి. అక్కడే ఒక పెద్దమనిషి, ఆరు నెలల కింద చేయించుకున్నాడట, నేను భయపడుతున్నట్టు మొహంలో కనపడిందో ఏమో, లేచి గది ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి చూపించాడు. "చూసిండ్రా? కుంటుడు లేదు. ఇంకోసారి నడవాల్నా?" అన్నాడు. నడవమన్నాను. నడిచాడు. అతని పేరు అడగలేదు.

డాక్టర్ ఎక్స్‌రే ఫోటోలు వెలుతురుకు పెట్టి చూసి, "పెద్దాయనా, కంప్లీట్‌గా అరిగిపోయింది" అని నాతో ఆ ఒక్క ముక్క అని, మిగతాదంతా సునీతతో ఇంగ్లీషులో మొదలుపెట్టారు.

"సార్, మోకాలు నాది. జర నాకు చెప్పుండ్రి," అన్నాను.

"నాన్నా, ఊకో జర," అని సునీత నా మోచెయ్యి గిచ్చింది.

"ఎందుకూకోవాలె? నా ముందల్నే నా కాలు గురించి నాకు తెల్వని భాషల మాట్లాడితే, రేపు కోశినంక తప్పు ఎవరిదంటరు?"

డాక్టర్ నవ్వారు. నిజం చెప్పాలంటే, మంచి మనిషే. సొరుగులోంచి ప్లాస్టిక్ మోకాలు తీసి, తెలుగులోనే, ఎక్కడ కోస్తారో ఏం పెడతారో చూపించారు. నేను అడిగినవాటికల్లా జవాబు చెప్పారు. అడగకపోతే చెప్పరు, అదీ సంగతి. అడగండి.

2011 అంతా సిద్ధం కావడానికే పోయింది. షుగర్ దిగేదాకా కత్తి పెట్టేది లేదన్నారు. షుగర్ దిగితే ఒక పన్ను పుచ్చిందని, దాంట్లోని చీము కొత్త కీలుకు పాకుతుందని పీకించుకు రమ్మన్నారు. మోకాలు బాగు చేయించుకుందామని పోతే ముందు పన్ను పోయింది. తర్వాత గుండె పరీక్ష. గుండె కొంచెం బలహీనంగా ఉందన్నారు, అయినా చేయొచ్చన్నారు. ఆ ఏడు బందులూ సమ్మెలూ ఎక్కువ. పరీక్షకు రమ్మన్న రోజు బస్సులు ఉండేవి కావు, బస్సులున్న రోజు డాక్టర్ ఊళ్లో ఉండేవారు కాదు. తొడ కండ బలపడాలని మంచం మీద పడుకుని కాలు నిటారుగా ఎత్తి దించమన్నారు. సత్తెమ్మ కూరగాయలు తరుగుతూ అటే చూస్తూ, "కసరత్తు మంచిగనే చేస్తున్నవు, కుస్తీకి పోతవా?" అనేది.

రక్తం కావాలన్నారు. సునీత మెస్‌లో చెప్పీ చెప్పగానే పిల్లలు కదిలారు. పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ పిల్లలు. ఏళ్ల తరబడి సర్కారు ఉద్యోగాల ప్రకటనల కోసం ఎదురుచూస్తూ గదుల్లో చదువుకుంటున్నవాళ్లు. పరీక్ష ఎప్పుడు పెడతారో చెప్పని ప్రభుత్వాల గురించి నేను చాలా రాయగలను. రక్తం ఇచ్చి బిస్కెట్లు తింటూ ఒకడు అన్నాడు: "తాతా, మా రక్తం ఎక్కినంక ఊకె ఉండొద్దు. గ్రూప్ వన్ రాయాలె." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

2012 ఫిబ్రవరిలో ఆపరేషన్ అయింది. నడుముకి సూది ఇచ్చి కింది భాగం మాత్రమే మొద్దుబార్చారు. తెర కట్టారు కాబట్టి కనపడలేదు గానీ వినపడింది. సుత్తి చప్పుడు. రిమ్ము వంకర తీయడానికి చెక్క సుత్తితో కొడితే ఎలా ఉంటుందో అలాగే. కొట్టేది నా ఎముక మీదేనని తెలుసు, నొప్పి లేదు, అది ఒక విచిత్రమైన స్థితి. చప్పుడు బట్టి కొట్టేవాడికి పని వచ్చునని నాకు ధైర్యం కలిగింది. ఆ తర్వాత ఊపిరి అందలేదు. కళ్ల ముందు దీపాలు దూరం జరిగిపోయాయి. ఎవరో "సార్, సార్" అని నా చెంపల మీద కొట్టడం తెలుసు. మళ్లీ తెలివొచ్చేసరికి వేరే గదిలో, మొహానికి గొట్టం పెట్టి ఉంది. బీపీ పడిపోయిందన్నారు. మత్తు డాక్టర్ సునీతతో, ఈయనకు ఇంకోసారి మత్తు ఇవ్వాల్సిన అవసరం రాకుండా చూసుకోండి అని చెప్పాడట. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మర్నాడు వాకర్ ఇచ్చి నిలబెట్టారు. ఇంటికి పంపేటప్పుడు, తెలుగులోనే, సత్తెమ్మకూ సునీతకూ నాకూ ముగ్గురికీ చెప్పారు: కాలు చాచి పడుకోవాలి, మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టాలి, మోకాలి కింద మాత్రం ఏదీ పెట్టకూడదు. పెడితే హాయిగా ఉంటుంది, కాని కాలు ఆ వంపులోనే బిగుసుకుపోతుంది. మాకు చెప్పలేదనడానికి వీల్లేదు.

ఇంటికొచ్చిన మూడో రోజు మా అక్క వచ్చింది.

మా అక్క పేరు బాలమ్మ. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. పాలమూరు వైపు మా ఊళ్లోనే ఉంటుంది. మా అమ్మ నేను పాలు మరవకముందే పోయింది. నన్ను చంకనేసుకుని పెంచింది ఈమే. చిక్కడపల్లిలో నేను తగువు పెట్టుకోని మనిషి లేడు, కరెంటు ఆఫీసులో, రేషన్ షాపులో, గ్రంథాలయంలో కూడా. మా అక్కకు మాత్రం ఎదురు చెప్పలేను. అది మర్యాద కాదు, భయమూ కాదు. నోరు లేవదు, అంతే.

అక్క వచ్చీ రాగానే నా కాలు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత సంచి విప్పింది. బూరుగు దూదితో తనే కుట్టిన చిన్న దిండు తీసి, కాలు మెల్లగా ఎత్తి, మోకాలి కింద పెట్టింది.

"వదినె, అట్ల పెట్టొద్దన్నరు," అంది సత్తెమ్మ.

"ఎవరన్నరు?"

"దవాఖానోళ్లు."

"వాళ్లకేంది, కోసుడు ఎర్క. పెంచుడు ఎర్కనా?" అని నా వైపు తిరిగి, "ఎట్లున్నది తమ్మీ?" అంది.

ఎట్లున్నదంటే ఏం చెప్పను. ఇంటికొచ్చినప్పటినుంచి మొదటిసారి నొప్పి తగ్గింది. కాలు చాచి ఉంటే మోకాలి వెనక నరాలు తీగల్లా లాగేవి. దిండు పెట్టగానే ఆ లాగుడు పోయింది. "మంచిగున్నది అక్కా," అన్నాను. సత్తెమ్మ నన్ను చూసిన చూపు మాత్రం మంచిగా లేదు.

పథ్యం కూడా అక్కదే. కోసిన ఒంటికి పప్పు పెడితే చీము పడుతుంది. గుడ్డు పెడితే చీము పడుతుంది. పెరుగు, వంకాయ, గోంగూర సరేసరి. డాక్టర్ పప్పూ గుడ్డూ బాగా తినమన్నాడని సునీత మెస్ నుంచి గిన్నెలు పంపేది. అవి వచ్చినట్టే సత్తెమ్మ తినేది. నాకు అన్నం, పల్చటి చారు, పొట్లకాయ.

రోజు విడిచి రోజు స్వాతి అని ఒక అమ్మాయి కసరత్తు చేయించడానికి ఇంటికి వచ్చేది. ఫిజియోథెరపిస్ట్. మంచి పిల్ల, నవ్వుతూనే చంపుతుంది. "అంకుల్, ఇంక జర. ఇంకొక్క జర," అంటూ మోకాలు వంచేది, చాపేది. నేను ఆమెకు అంకుల్‌ను ఎట్లా అయ్యానో అడగాలనిపించేది, అడిగే ఊపిరి ఉండేది కాదు. చివర్లో పరీక్ష ఉండేది. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలి వెనక తన అరచెయ్యి దూర్చేది. కాలు పూర్తిగా చాచుకుంటే ఆ చెయ్యి కింద ఇరుక్కోవాలి.

"ఇరుక్కుంటలేదు అంకుల్. రైలు పోయేటంత సందున్నది. మీరు నేను చెప్పినవన్ని చేస్తున్నరా?"

"చేస్తున్న."

"కింద ఏం పెడ్తలేరు కదా?"

"లేదు."

అబద్ధమే. వీధి గేటు చప్పుడు కాగానే అక్క దిండు లాగి, కుర్చీలో వేసి, దాని మీద కూర్చునేది. స్వాతి వెళ్లేదాకా లేచేది కాదు. మంచినీళ్లు అడిగినా సత్తెమ్మే తెచ్చేది. స్వాతి గేటు దాటగానే దిండు మళ్లీ మోకాలి కిందికి వచ్చేది, అక్క వెచ్చదనంతో సహా. ఇద్దరు ముసలివాళ్లం బడి ఎగ్గొట్టిన పిల్లల్లా నవ్వుకునేవాళ్లం. సత్తెమ్మ నవ్వేది కాదు. "అక్కతమ్ముళ్ల నడుమ నేనెందుకు" అని వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టేది.

మార్చి చివర్లో చూపించుకోవడానికి పోయాం. డాక్టర్ కాలు వంచి, చాపి, మళ్లీ చాపి, మొహం గంభీరంగా పెట్టారు. గాయం కూడా ఆరవలసినంత ఆరలేదన్నారు. ఈసారి నాతోనే, తెలుగులోనే చెప్పారు.

"పెద్దాయనా, కాలు వంపులో బిగుసుకుపోతోంది. ఇట్లనే వదిలేస్తే జీవితాంతం కుంటుతారు, నడుము కూడా పోతుంది. మూడు వారాలు టైమిస్తున్న. అప్పటికి చాచుకోకపోతే మళ్లీ మత్తిచ్చి మేమే చాపాలె. మీ గుండె పరిస్థితి మీకు తెలుసు. నాకు అది ఇష్టం లేదు."

ఆటోలో తిరిగి వస్తున్నాం. నారాయణగూడ చౌరస్తాలో ఆగినప్పుడు సత్తెమ్మ నా చెయ్యి పట్టుకుంది. పెళ్లయినప్పటి నుంచి నడి బజార్లో ఆమె నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. భయపడిందని అప్పుడు తెలిసింది. దీపాలు దూరం జరిగిపోవడం నాకు గుర్తొచ్చింది. ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఇంత జరిగినా, ఇంటికెళ్లి పడుకోగానే అక్క దిండు పెట్టింది. "అలసిపోయి వచ్చిండు" అంది. నేను వద్దనలేదు. చదివేవాళ్లకు కోపం రావచ్చు. నాకూ ఇప్పుడు వస్తోంది. కానీ ఆ నొప్పిలో, ఆ చేతులు అంత మెల్లగా కాలు ఎత్తుతుంటే, వద్దని అనడం ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుస్తుంది.

మర్నాడు స్వాతి వచ్చింది. అక్క ఎప్పట్లా కుర్చీలో కూర్చుని ఉంది. స్వాతి సంచి కింద పెట్టి, "అమ్మా, జర లేవుండ్రి. ఇయ్యాల అంకుల్‌ను కుర్చీల కూసోబెట్టి చేయిస్త," అంది.

అక్క లేవలేదు.

"ఏందమ్మా, కాళ్లు నొస్తున్నయా?"

"ఆ... నొస్తున్నయి."

వంటింటి గుమ్మంలోంచి సత్తెమ్మ అరిచింది. "ఆమె కాళ్లు మంచిగనే ఉన్నయి. లేవు వదినే! లేచి ఆ పిల్లకు చూపియ్యి, దేని మీద కూసున్నవో! నీ తమ్ముణ్ని మళ్ల బల్లమీద పండవెట్టెదాక లేవవా?"

అక్క లేచింది. కుర్చీలో దిండు, అక్క బరువుకు అణిగినా మధ్యలో పోని నా మోకాలి గుంట. స్వాతి దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. ఆ పిల్లకు కోపం రావడం మొదటిసారి చూశాను.

"ఇన్ని దినాలు నేను చాపిపోతున్న, మీరు వంచుతున్నరు. ఇంకెందుకమ్మా నేనొచ్చుడు?"

"నువ్వు నిన్న మొన్న పుట్టినదానివి," అంది అక్క. "ఆ కాలు నేను సాదిన కాలు. నాకు తెల్వదా?"

"ఏం తెలుసు చెప్పుండ్రి."

అక్క చెప్పింది. నాకు ఆరేళ్లప్పటి సంగతి. ఆ రోజుల్లో మా వైపు ఊళ్లన్నీ దిగుడుబావి నీళ్లే తాగేవి. ఆ నీళ్ల వల్ల నారికురుపు లేచేది. ఒంట్లో పెరిగిన పురుగు దారంలా కాల్లోంచి బయటికి వస్తుంది. ఇప్పటివాళ్లు నమ్మరు, మా తరంలో ఆ మచ్చ లేని కాలు అరుదు.

"గీ మోకాలి కిందనే లేశింది. ఆ పురుగును పుల్లకు సుట్టుకుంట దినాం జర్రంత జర్రంత గుంజాలె. కాలు కదిలితే తెగుతది. తెగితే కాలు కుండ లెక్క ఉబ్బుతది. మా పెదనాయిన కొడుకు గట్లనే కుంటోడయిండు. అమ్మ లేదు, నాయిన కూలికి పోయేటోడు. నేనే బొంత మడిచి మోకాలి కింద పెట్టి, కదలకుంట పక్కకు కూసున్న. పప్పు పెట్టలే, పెరుగు పెట్టలే. వీడు నడిచిండా లేదా? ఇన్నేండ్లు సైకిళ్లు తొక్కిండా లేదా?"

నాకు ఆ బొంత కళ్లముందు కనపడింది. ఎర్ర అంచు చీర ముక్కలతో కుట్టింది.

స్వాతి దిండు మంచం మీద పెట్టి అక్క ముందు కింద కూర్చుంది. కోపం పోయినట్టుంది. "మంచి పని చేసిండ్రు అమ్మా. అప్పుడు కదిలిస్తే ఖరాబయ్యేది," అంది. "పురుగంత బయటికొచ్చినంక? కాలు దానంతటదే సక్కగైందా?"

అక్క "ఆ" అనబోయి ఆగింది. నోరు తెరిచే ఉంది. కిటికీ వైపు చూసింది. అంత దూరంలో దేన్నో వెతుకుతున్నట్టు కళ్లు చిట్లించింది.

"సక్కగ కాలే," అంది చివరికి, మెల్లగా. "బిగుసుకపోయింది. కొడవలి లెక్కుండె. అందరు ఇగ వీడు నడువడన్నరు." తన కుడి ముంజేతిని ఎడం చేత్తో తడుముకుంది. "ఆముదం కాచి రాసి, గోడకు ఆనిచ్చి కూసోబెట్టి, మోకాలి మీద ఎక్కి అదిమేదాన్ని. వాడ వాడంత వినవడేటట్టు ఒర్లెటోడు. గీడ కొరికిండు. రక్తమొచ్చింది. అయినా ఇడ్వలే."

ఇంతవరకు రాసిన దాంట్లో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఈ ఒక్కటే. పంక్చర్ డబ్బులు ఎగ్గొట్టినవాళ్ల పేర్లు గుర్తున్న నాకు ఆ కొరుకుడు గుర్తులేదు. బొంత గుర్తుంది, పొట్లకాయ గుర్తుంది, అక్క విసనకర్రతో ఈగలు తోలడం గుర్తుంది. అదమడం పూర్తిగా పోయింది. ఆమెకూ పోయింది. ఇద్దరమూ సగమే దాచుకున్నాం, ఆ సగంతోనే ఇన్నాళ్లూ వైద్యం చేసుకున్నాం.

"అయితే మీకు నేను నేర్పేదేమున్నదమ్మా," అంది స్వాతి. "ఇప్పుడు పురుగు లేదు. మిగిలింది రెండో పనే. చెయ్యి ఇటియ్యండి."

అక్క చెయ్యి తీసుకుని నా మోకాలి పైన ఎక్కడ పెట్టాలో, ఎంత బరువు వేయాలో, ఎప్పుడు ఆపాలో చూపించింది. అక్క మొదటిసారి అదిమినప్పుడు నాకు ప్రాణం పోయినట్టయింది.

"అక్కా, ఆపు! చచ్చిపోత!"

"సావవు. అరువు. చిక్కడపల్లంత విననీ," అంది. అంటూనే ఏడుస్తోంది. ముక్కు చీదుకోవడానికి ఒక చెయ్యి తీసింది గానీ రెండో చెయ్యి బరువు తగ్గించలేదు.

ఏప్రిల్ అలా గడిచింది. పొద్దున, సాయంత్రం. మడమ కింద తువ్వాలు చుట్ట, మోకాలి మీద అక్క చేతులు. స్వాతి రాని రోజున అక్క ఇంకా గట్టి. పక్కింటివాళ్లు మొదట్లో ఏమైందోనని పరిగెత్తుకొచ్చేవారు, తర్వాత "అయిందా పెద్దమ్మా?" అని గోడ మీదుగా అడిగి పోయేవారు. నేను తిట్టేవాణ్ని. పుట్టి బుద్ధెరిగిన తర్వాత మా అక్కను తిట్టడం అదే మొదలు. ఆమె తిరిగి తిట్టేది, నాకు తెలియని తిట్లు కూడా ఆమెకు వచ్చునని అప్పుడే తెలిసింది. సత్తెమ్మకు మళ్లీ నవ్వు వచ్చింది. పథ్యం విషయంలో మాత్రం అక్క ఒక్కసారిగా దిగిరాలేదు. మొదట పెసరపప్పు ఒప్పుకుంది. తర్వాత కందిపప్పు. ఒకరోజు తనే, మొహం పక్కకు తిప్పుకుని, "సత్తెమ్మా, గుడ్డు గూడ పెట్టు, పోనీ. ఏమైతె నా మీదనే అయితది," అంది. గాయం ఆరింది. చీము పడలేదు.

రోజూ అదమడం అయ్యాక స్వాతి చేసినట్టే అక్క నా మోకాలి వెనక అరచెయ్యి దూర్చి చూసేది. ఏమీ అనేది కాదు. మేము అడిగేవాళ్లం కాదు.

గడువు రోజున నలుగురం పోయాం. అక్క లోపలికి రానంది. "నన్ను పిలువకుండ్రి. ఈడనే కూసుంట," అని వేచి ఉండే గదిలో, ఆ లోతు సోఫాలో కాకుండా, గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కొస మీద కూర్చుంది. లోపల డాక్టర్ నన్ను పడుకోబెట్టి, కాలు చూసి, మోకాలి వెనక చెయ్యి పెట్టారు. చెయ్యి వెనక్కి తీయడానికి కాస్త గుంజుకోవాల్సి వచ్చింది. "అరె," అన్నారు. కొలబద్ద పెట్టి చూశారు. మత్తు అక్కర్లేదు అన్నారు. కొంచెం వంపు ఉంది గానీ నడకతో పోతుందన్నారు. సత్తెమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"ఫిజియో బాగా చేయించినట్టున్నరు," అన్నారు డాక్టర్.

"ఫిజియో చూపిచ్చింది సార్," అన్నాను. "చేసింది మా అక్క." ఆయనకు అర్థం కాలేదు. వెనక చాలామంది ఉన్నారు కాబట్టి నేనూ విడమర్చి చెప్పలేదు.

వాకర్ సునీత చేతికిచ్చి, కర్ర పట్టుకుని బయటికి వచ్చాను. అక్క నా మొహం చూడలేదు. కాలు చూసింది. నేను ఆమె దాకా నడిచేంత సేపూ కాలే చూసింది. "అక్కర్లేదన్నరు అక్కా," అన్నాను. తలూపింది. ఆమె దృష్టి అప్పటికే పక్కకు పోయింది.

పక్కన చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడ ఉంది. కొత్త కట్టు, కాలు ముందుకు చాచి పలక మీద ఆనించి ఉంది. నొప్పితో పెదవి కొరుక్కుంటోంది. ఆమె కొడుకు తన భుజం మీది శాలువా తీసి, చుట్టగా చుట్టి, ఎంతో జాగ్రత్తగా ఆమె మోకాలి కింద పెట్టాడు. "హమ్మయ్య," అంది ఆవిడ. "గట్లనే ఉండనీ బిడ్డా. ఇప్పుడు పానం కుదుటవడ్డది."

మా అక్క లేచి వెళ్లింది.

"బిడ్డా, అది తియ్యి."

"ఏందమ్మా?"

"ఆ శాలువ. మోకాలి కిందికెల్లి తియ్యి. మడిమె కింద పెట్టు."

"మా అమ్మకు నొస్తుందమ్మా, జర ఆరామ్ ఉంటదని పెట్టిన," అన్నాడతను. చిరాకు పడ్డాడు, తప్పు లేదు. "మీరెవరు? డాక్టరా?"

"డాక్టర్ను కాదు బిడ్డా," అంది అక్క. "పెట్టినదాన్ని."

అతను ఆమెను చూశాడు, తర్వాత కర్ర పట్టుకుని నిలబడ్డ నన్ను చూశాడు. వంగి శాలువా లాగాడు. పెద్దావిడ "అబ్బా" అని కళ్లు మూసుకుంది. మా అక్క ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, పక్కనే నిలబడింది.